వీలునిబట్టి చదువు

మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజులూ, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి జూన్ పరీక్షలకు చదువుకోవలసిన రోజులూ ఒకటే. ఈ సంగతి దరఖాస్తు నింపేరోజున నాకు తట్టలేదు. తట్టి ఉంటే నేను ఎం.బి.ఏ. చదివేదాన్ని కాదు. చదవకపోతే మా అత్తగారి సంగతి నాకు సగం తెలిసేది కాదు. అంచేత తట్టకపోవడమే మంచిదయింది.

ఇది 2003 నాటి మాట. అప్పటికి నాకు నలభై ఒకటి. విజయవాడలో ఒక ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తాని. ఆ ఏడు మా సెక్షనుకి కొత్త ఆఫీసరొచ్చాడు. మా అబ్బాయికి అన్నలా ఉన్నాడు. పేరు పక్కన మాత్రం మూడక్షరాలున్నాయి. ఏ ఫైలు ఎక్కడుంటుందో, ఏ కాయితానికి ఏ కాయితం జతచెయ్యాలో నెలరోజులపాటు నేనే చెప్పాను. కుర్రాడు బుద్ధిమంతుడు. శ్రద్ధగా విన్నాడు, శ్రద్ధగా సంతకాలు పెట్టాడు. నేను చెప్పిన మాట కింద అతని సంతకం! తప్పు అతనిది కాదు లెండి. ఆ మూడక్షరాలది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నేనూ ఎం.బి.ఏ. చేస్తాను" అన్నాను మా వారితో.

ఆయన పేపరు దించకుండానే, "చెయ్యి. కాఫీ అయిందా?" అన్నారు.

అనుమతి దొరికిందనే అనుకున్నాను.

ఉద్యోగం మానక్కర్లేదనీ, కాలేజీకి రోజూ పోనక్కర్లేదనీ నాకు చెప్పింది మా ఆఫీసులో టైపిస్టమ్మాయి. "ఫ్లెక్సిబుల్ అక్కా! ఎలా కావాలంటే అలా వంగుతుంది" అంది. నిజమే. ప్రవేశపరీక్ష ఒక్కటి గట్టెక్కితే పుస్తకాలు పోస్టులో ఇంటికొచ్చేవి. ఆదివారాలు స్టడీ సెంటర్లో క్లాసులు. ఇంట్లో కూచుని రాసిచ్చే అసైన్‌మెంట్లకు నూటికి ముప్ఫై, పరీక్షకు డెబ్భై. పరీక్షలు ఏటా రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ఒక్కసారే అన్నీ రాయాలని లేదు. ఇరవై దాకా పేపర్లు, చివర ఒక ప్రాజెక్టు. ఎనిమిదేళ్ళలోపు ఎప్పుడు పూర్తి చేసినా డిగ్రీ డిగ్రీయే. చీటీ పాటకన్నా సులువుగా కనిపించింది నాకు.

ఈ వీలు మనకు ఊరికే రాలేదు సుమండీ. హార్వర్డులో వ్యాపార నిర్వహణకంటూ బడి పెట్టింది 1908లో. అక్కడ ఆడవాళ్ళను ఈ రెండేళ్ళ చదువులో మొదటి ఏడునుంచీ చేర్చుకున్నది 1963లో. యాభై అయిదేళ్ళు తలుపు దగ్గర నిలబెట్టి, అప్పుడు లోపలికి రానిచ్చింది ఎనిమిదిమందిని! మన వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ వారు 1957లోనే ఎం.బి.ఏ. పెట్టారు. కాని పిల్లా జెల్లాను వదిలి రెండేళ్ళు హాస్టల్లో ఉండగలిగినవాళ్ళెంతమంది? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడు అంబేద్కర్‌గారి పేరుతో ఉన్నది అదే. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీగారి పేరుతో ఇంకొకటి వచ్చింది. 1987లో అది మొదలుపెట్టిన మొదటి రెండు కోర్సుల్లో ఒకటి మేనేజ్‌మెంటు డిప్లమా. చదువే నడిచి గుమ్మంలోకొస్తే కాళ్ళు కడుక్కోమని నీళ్ళివ్వనా?

ఇంతకీ ఈ మేనేజ్‌మెంటంటే ఏమిటని మీరడగొచ్చు. కొందరు అమ్మకాలే చదువుతారు, కొందరు లెక్కలే చదువుతారు. నాది జనరల్ మేనేజ్‌మెంటు. అంటే మనుషులూ, డబ్బూ, సరుకూ, యంత్రాలూ, అన్నీ కొంచెం కొంచెం. పోపులపెట్టెలాంటిదన్నమాట. ఏ ఒక్కదానితోనూ వంట కాదు, ఏ ఒక్కటి లేకపోయినా వంట కాదు.

ఇక్కడ "ఇల్లాలే అసలైన మేనేజరు" అంటానని చూస్తున్నారు కాబోలు. అనను. ఆ మాట మహిళాసభల్లో మగవాళ్ళు చెబుతారు. చెప్పి, దండ వేసి, ఇంటికి పంపిస్తారు. జీతం సంగతి మాత్రం ఎత్తరు.

మొదటి పుస్తకంలోనే ఫేయోల్ అనే ఫ్రెంచి పెద్దమనిషి ఎదురయ్యాడు. బొగ్గు గనుల కంపెనీని ఏళ్ళతరబడి నడిపి, ఆ అనుభవమంతా 1916లో అచ్చువేశాడు. పద్నాలుగు సూత్రాలు చెప్పాడాయన. ఒక పనివాడికి ఒక్క యజమానే ఆజ్ఞ ఇవ్వాలి అన్నది వాటిలో ఒకటి. అత్తగారు ఇడ్లీ అని, మామగారు ఉప్మా అని, ఆడపడుచు అట్లని చెప్పే ఇంట్లో ఒక్కరోజు కోడలుగా ఉండి చూస్తే ఆయన ఆ సూత్రాన్ని మొట్టమొదట రాసి ఉండేవాడు. బాధ్యత అప్పగించిన చోట అధికారం కూడా అప్పగించాలన్నది ఇంకొక సూత్రం. దాన్ని గుర్తుంచుకోండి, తరవాత పని ఉంది.

నేను పుస్తకం పట్టుకుంటే మా అత్తగారు ఎదురుగా కూచుని ఏదో ఒకటి ఒలుస్తూ ఉండేవారు. చిక్కుడుకాయలో, చింతపండో. ఆవిడ చదివింది మూడో తరగతి. పన్నెండో ఏట పెళ్ళి. నా పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి కనక నేను పైకి తెలుగు చేసుకుంటూ చదివేదాన్ని. ఆవిడ వినేవారు.

"ఒక సంచీలో నాలుగు ఎర్రబంతులు, ఆరు నల్లబంతులు ఉన్నాయి. చూడకుండా తీస్తే ఎర్రబంతి వచ్చే అవకాశమెంత?"

"చూసి తీసుకోవచ్చుగా?" అనేవారావిడ.

ఆ పేపరు నేను రెండుసార్లు తప్పాను. ఆవిడ మాత్రం మొదటిసారే ప్యాసయిందని నా నమ్మకం.

ఇక ఆవకాయ. సరుకు ఒక్కసారి ఎంత కొనాలన్నదానికి ఒక సూత్రముంది. 1913లో హారిస్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టాడు. కొంచెం కొంచెంగా కొంటే మాటిమాటికీ కొనే ఖర్చు. ఎక్కువ కొంటే నిలవ ఉంచే ఖర్చు. ఈ రెండూ కలిపి ఎక్కడ తక్కువవుతాయో అంతే కొనాలి. మర్నాడు పరీక్షకు చదువుకోవాలి. పెరట్లో చూస్తే నూటయాభై కాయ కొట్టించి పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏడాదికి సరిపడా ఒక్కసారే ఎందుకత్తయ్యా? నెలకింత చొప్పున పెట్టుకుంటే జాగా కలిసొస్తుంది, నూనెకి డబ్బూ ఒక్కసారే పెట్టక్కర్లేదు. సూత్రముంది" అన్నాను.

ఆవిడ ముక్కలు తుడుస్తూనే, "కార్తీకమాసంలో ఈ కాయ ఇస్తాడా ఆ హారిసు?" అన్నారు.

పుస్తకం తిరగేసి చూసుకున్నాను. సరుకు ఎప్పుడడిగితే అప్పుడు దొరుకుతుందనుకుంటేనే ఆ సూత్రం పనిచేస్తుందని కింద రాసే ఉంది. నేను సూత్రం బట్టీపట్టి, కింద షరతు వదిలేశాను. ఆవిడ షరతు పట్టుకున్నారు.

"సరే, నువ్వు లోపలికి పో. ముక్కలు నేను కలుపుకుంటాను. నీ చేతికి కారం అంటితే రేపు పెన్ను పట్టుకోలేవు" అన్నారు. నేను నిజంగానే లోపలికి పోయి తలుపేసుకున్నాను. నూటయాభై కాయకీ ఆవిడొక్కరే కలిపారు. అప్పటికి ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ లెక్క ఆనాడు నేను వెయ్యలేదు.

అలా ఆదివారాలు గడిచాయి. నేను తొమ్మిదింటికి క్లాసుకి పోతే సాయంత్రం నాలుగయ్యేది. వచ్చేసరికి అన్నం మీద మూత, కూర మీద మూత, మా అబ్బాయి స్కూలు బట్టలకి ఇస్త్రీ. మా వారు పేపరు దించి, "అయిందా క్లాసు?" అనేవారు. చదువు ఎంత చక్కగా వంగుతోందో అని నేను మురిసిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఆవిడ గురించి చదివాను. పనిలో వృథా కదలికలు తగ్గించడమెలాగో మొగుడూ పెళ్ళాలిద్దరూ పరిశోధించారు. పన్నెండుమంది సంతానం. 1915లో ఆవిడ డాక్టరేటు పుచ్చుకుంది. 1924లో భర్త పోయాడు. ఆడదానితో మాకు పనేమిటని కంపెనీలు కొన్ని మొహం చాటేస్తే, ఆవిడ వంటింటి మీద పడింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపుకి లోపలివైపు అరలు, ఇవన్నీ ఆవిడ చలవే. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయింది. ఎంత గొప్ప మనిషి అనుకుని ఆవిడ మీద ఒక అసైన్‌మెంటు నిండా రాశాను. ఇంతమంది పిల్లలతో ఆవిడెలా చదివిందన్న అనుమానం మాత్రం రాలేదు. చాలాకాలం తరవాత ఇంకెక్కడో చదివాను. ఆ ఇంట్లో ఇల్లు చక్కబెట్టే అత్తగారొకావిడ ఉండేదిట. భర్తగారి తల్లి. పుస్తకాల్లో ఆవిడకు దొరికింది ఒకటి రెండు వాక్యాలు.

2007 కార్తీకమాసంలో మా అత్తగారికి పక్షవాతమొచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట మాత్రం నిలిచింది. నాకింకా నాలుగు పేపర్లు, ప్రాజెక్టు మిగిలి ఉన్నాయి. పుస్తకాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టించాను. "వీలునిబట్టి కదా! వీలులేదు, అంతే" అనుకున్నాను. ఏడవలేదు. ఏడవడానికీ వీలుండాలిగా.

మూడో ఆదివారం పొద్దున్న ఆవిడ మంచంమీంచి పిలిచారు.

"ఇవాళ క్లాసు లేదుటే?"

"మానేశానత్తయ్యా."

ఆవిడ కాసేపు పైకప్పు చూసి, "వాణ్ణి పిలు" అన్నారు.

మా వారు వచ్చారు. "ఒరే, చారు పెట్టు" అన్నారావిడ.

యాభై రెండేళ్ళ మనిషి అటూ ఇటూ చూశారు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవారు, "అమ్మా, చింతపండెక్కడుంటుంది?" అన్నారు. ఆవిడ మంచంలోంచి చెప్పడం, ఆయన వంటింట్లోంచి అరవడం. నిమ్మకాయంత నానబెట్టు అంటే ఈయన నిమ్మకాయే నానబెట్టారు! మధ్యాహ్నానికి చారు లాంటిదొకటి తయారయింది. ఆవిడ ఎడంచేత్తో రెండు చెంచాలు తాగి, "బాగుంది. రేపటికింకా బాగుంటుంది" అన్నారు. నేను పక్కన నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ రాత్రి ఆవిడ కాళ్ళకి నూనె రాస్తుంటే మెల్లిగా అన్నారు: "నేను వంగినన్నాళ్ళూ వాడు వంగలేదే. వంగక్కర్లేకపోయింది. నాదే తప్పు. నా నడుం పడిపోతేగాని వాడి నడుం వంగలేదు. పుస్తకాలు దింపించు."

నా చెయ్యి ఆగిపోయింది. నాలుగేళ్ళుగా చదువు వంగుతోందనుకున్నాను నేను. చదువెక్కడ వంగింది? పరీక్ష తేదీ ఒక్కరోజు జరగలేదు, ప్రశ్న ఒక్కటి తగ్గలేదు. వంగింది ఆవిడ. 'ఉద్యోగులలో ఉత్సాహం నింపుట ఎట్లు' అని పదహారు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఆవిడతో ఒక్క ఆదివారమైనా "మీరుండబట్టి వెళ్ళొచ్చానత్తయ్యా" అన్న పాపాన పోలేదు.

పుస్తకాలు దింపాను. 2010లో, ఏడో ఏట, చదువు ముగిసింది. ఇందులో తమాషా ఏమిటంటే, నా ప్రమోషను అంతకు ఏడాది ముందే వచ్చేసింది. సీనియారిటీ మీద! ఎవరూ నా మూడక్షరాలు అడగనే లేదు.

డిగ్రీ కాయితం పోస్టులో వచ్చింది. తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టాను. ఎడంచేత్తో పట్టుకుని, ఇంగ్లీషు రాకపోయినా పైనుంచి కిందిదాకా చూశారు.

"ఇందులో నా పేరెక్కడుందే?" అన్నారు నవ్వుతూ.

హాస్యానికే అన్నారు. నాకు మాత్రం గొంతు పెగల్లేదు. "లేదత్తయ్యా" అన్నాను.

"పోనీలే. పప్పులో ఉప్పు పేరు ఎవరడుగుతారు" అని కాయితం నాకిచ్చేశారు.

2012లో ఆవిడ వెళ్ళిపోయారు.

ఆ మరుసటి ఏడు మా వారు రిటైరయ్యారు. తెలిసినాయన ఒకరు తన కంపెనీలో డబ్బు పెట్టమని వచ్చాడు. ఏటేటా లాభం పెరుగుతోందని రంగుల కాయితాలు చూపించాడు. నేను ఆదాయవ్యయాల పట్టిక అవతల పెట్టి, ఆస్తి అప్పుల పట్టిక అడిగాను. అమ్మకాలు పెరిగాయి, నిజమే. వాటికన్నా వేగంగా రావలసిన బాకీలు పెరిగాయి. లాభం కాయితం మీదుంది, చేతిలో డబ్బు బ్యాంకు అప్పుది. "అన్నయ్యగారూ, మీ సరుకు పట్టుకెళ్ళినవాళ్ళు డబ్బివ్వడం లేదు. మా డబ్బుతో మీరు జీతాలిస్తారు" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. మా వారికీ మొహమాటంగా ఉంది. రెండేళ్ళకి ఆ కంపెనీ తలుపులు మూసుకుంది. మా డబ్బు మా దగ్గరే ఉంది. ఆ పట్టిక చదవడం నాకు నేర్పింది ఎం.బి.ఏ. నేర్చుకోవడానికి ఆదివారాలిచ్చింది మాత్రం మూడో తరగతి చదివిన మనిషి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా అబ్బాయి, కోడలు పూనాలో ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలు. మూడేళ్ళ పాప. ఈమధ్య కోడలు ఫోను చేసి, "అత్తయ్యా, నేనూ ఎం.బి.ఏ. చేద్దామనుకుంటున్నాను" అంది. ఇప్పుడు మరీ సులువు. నేను చదివిన చోట ప్రవేశపరీక్ష కూడా తీసేశారు. రెండేళ్ళలో కావచ్చు, నాలుగేళ్ళదాకా సాగదీయొచ్చు. చాలాచోట్ల పాఠాలు ఇంట్లో కంప్యూటర్లోకే వస్తాయి. "మీ అబ్బాయి కూడా సరేనన్నారు. నీ వీలునిబట్టి చదువుకో అన్నారు" అంది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది.

కాస్త ఆగి, "మీరు రెండేళ్ళు ఇక్కడికొచ్చి ఉంటే..." అని నసిగింది.

నిజం చెప్పనా? నా నోటిదాకా వచ్చింది, "వస్తానమ్మా" అని. అటకమీంచి సూట్‌కేసు కూడా దింపించాను. మా అత్తగారి బాకీ ఈ రకంగా తీరుతుందనుకున్నాను. ఆ రాత్రి మోకాలికి నూనె రాసుకుంటూంటే ఆవిడ మాట గుర్తొచ్చింది. నేను వంగినన్నాళ్ళూ వాడు వంగడు. వాడి కూతురూ అదే చూసి పెరుగుతుంది. ఆవిడ నాకిచ్చింది బాకీ కాదు, పాఠం. పాఠాన్ని బాకీలా తీర్చకూడదు.

మర్నాడు కోడలికి చెప్పాను: "వస్తాను. రెండేళ్ళు కాదు, పదిహేనురోజులు. పాపకోసం కాదు, మీ ఆయనకోసం."

వెళ్ళేసరికి ఫ్రిజ్ తలుపుకి రెండు కాయితాలు అంటించి ఉన్నాయి. ఆదివారం పాపకు ఎన్నింటికి ఏం పెట్టాలి, ఏ గౌను తొడగాలి, పప్పులో నీళ్ళెన్ని పొయ్యాలి, అన్నీ కోడలి దస్తూరీలో ఉన్నాయి. "ఇవి తీసెయ్యమ్మా. బాధ్యత వాడిది, అధికారం నీదీ అంటే కుదరదు. మా ఫేయోల్ తాతగారు ఒప్పుకోడు. వాడు ఎర్రగౌను మీద పచ్చరిబ్బను కట్టినా నువ్వు మాట్లాడకూడదు" అన్నాను. పాపం, ఆ కాయితాలు తీయడమే ఆ పిల్లకు కష్టమయింది. అప్పగించడం అంత తేలిక కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న కోడలు గదిలోకి వెళ్ళి, చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టుకుని, తలుపేసుకుంది. పది నిమిషాలకి మా వాడు ఆ తలుపు దగ్గరికి నడిచాడు.

"ఎక్కడికిరా?"

"కందిపప్పు ఎక్కడుందో అడుగుదామని."

"డబ్బాలు ఎనిమిదే ఉన్నాయి. మూతలు తీసి చూడు" అన్నాను. చూడకుండా తీస్తే అవకాశమెంతో లెక్కకట్టాలి గాని, చూసి తీసుకుంటే ఏముంది!

నేను కుర్చీలో కూచుని పేపరు చదువుకున్నాను. దించలేదు. దించడానికి చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు. పాప జడ ఒకవైపుకి ఒరిగింది. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో వాడూ లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టినట్టు కనిపించలేదు.

ఒంటిగంటకి తలుపు తెరుచుకుంది. అందరం కూచున్నాం. వాడు వడ్డించాడు. కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణమాగింది. పాప మాత్రం ఆగలేదు.

"నాన్నా, ఉప్పేదీ?" అంది.

పప్పులో ఉప్పు పేరు ఎవరూ అడగరన్నారు మా అత్తగారు. ఆ ఆదివారం ఆవిడ మునిమనవరాలు అడిగింది.